టీవీలో రేడియో వచ్చింది సరే, మన ఊరి రేడియో ఏదీ?

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అవ్వ నాకో వైవా పెట్టింది. మన డిపార్ట్‌మెంట్‌లో ఎక్స్‌టర్నల్ కూడా అలాంటి ప్రశ్న అడగలేదు.

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. అవ్వకు పొద్దున్నే రేడియో ఉండాలి. ఆమెకు రేడియో అంటే కడప కేంద్రం, 900 కిలోహెర్ట్జ్. ఆ నెంబరు ఆమెకు తెలీదు. ముల్లు ఎక్కడ నిలబడాలో మాత్రం తెలుసు, అక్కడ గోరుతో గీత కూడా గీసి పెట్టుకుంది. నేను వెళ్లేసరికి ఆ గీత దగ్గర మాట కంటే బుర్రుమనే మోత ఎక్కువగా ఉంది.

"ఏమిరా అబ్బీ, రేడియో ఇంజనీరింగే గదా నువ్వు సదివేది? దీన్ని బాగు చెయ్యి సూద్దాం" అంది.

ఈసీఈ మూడో సంవత్సరం అబ్బాయిని ఇంతకంటే ఇరుకున పెట్టే మాట ఉండదు. బ్యాటరీలు మార్చాను, మోత తగ్గలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మా ఇంటి మీద నెలనెలా డబ్బు కట్టక్కర్లేని డిష్ ఒకటి ఉంది కదా అని. టీవీ పెట్టి, రిమోట్‌లో ఎవరూ ముట్టుకోని 'టీవీ/రేడియో' బటన్ నొక్కాను. తెర మీద జాబితా వచ్చింది. అందులో తెలుగు ఆకాశవాణి కనపడింది. నొక్కితే మోత లేదు, గరగర లేదు. ఎవరో పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా ఉంది. ఇక మెప్పు కోసం అవ్వ వైపు చూశాను.

ఆమె కాసేపు విని, "బాగనే ఇనపడ్తాంది. కానీ ఇది మన కడప కాదు గదరా. వరి నారుమడి గురించి చెప్తాండాడు. మనకు వరి యాడుంది? మనది శనగ" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. హాస్టల్‌కు వచ్చాక నోట్సులు తిరగేసి, రిసీవర్ మెనూలు గుర్తు చేసుకుని, నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను. మన బ్రాంచి కాని వాళ్లు కూడా చదవొచ్చు, ఫార్ములాలు పెద్దగా లేవు.

మోత ఎక్కడిది?

ముందు ట్రాన్సిస్టర్ సంగతి. దాని తప్పేమీ లేదు. కడప కేంద్రం వచ్చేది మీడియం వేవ్ మీద, ఏఎం పద్ధతిలో. ఏఎం అంటే మాట ఎలా పెరిగి తగ్గుతుందో, దాన్ని మోసే అల ఎత్తు కూడా అలాగే పెరిగి తగ్గుతుంది. రిసీవర్ ఆ ఎత్తుపల్లాలనే శబ్దంగా మారుస్తుంది. మధ్యలో ఇంకేదైనా వచ్చి ఆ ఎత్తును కదిలించినా, పాపం రిసీవర్‌కు తేడా తెలీదు. దాన్నీ మాటే అనుకుని వినిపిస్తుంది. ఉరుములప్పుడు రేడియో టపటపమనేది అందుకే.

ఒకప్పుడు పల్లెలో ఉరుములు, మోటారు స్టార్టర్లు తప్ప వేరే గొడవ ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లు ఉన్నాయి. వీటన్నిటిలో ఉండే స్విచింగ్ పవర్ సప్లై సెకనుకు వేలసార్లు కరెంటును ఆపి వదులుతుంది. చవకరకం వాటిలో ఫిల్టర్ సరిగా ఉండదు. ఆ స్విచింగ్ హార్మోనిక్స్ వచ్చి పడేది సరిగ్గా మీడియం వేవ్ బ్యాండులోనే. అవ్వ రేడియో గూటికి జానెడు పైన మా నాన్న కొత్త ఎల్ఈడీ బల్బు పెట్టించాడు. నేను ఆ బల్బు ఆర్పగానే మోత సగం తగ్గింది. రేడియోను అడ్డంగా తిప్పితే ఇంకాస్త తగ్గింది, ఎందుకంటే లోపలి ఫెర్రైట్ రాడ్ కొన్ని దిక్కుల నుంచి బాగా వింటుంది, రాడ్ కొనలు చూసే దిక్కు నుంచి దాదాపు వినదు. మోత వచ్చే వైపుకు దాని కొన తిప్పితే చాలు.

అంటే కేంద్రం బాగానే ఉంది, రేడియో బాగానే ఉంది. చెడింది ఆ రెండిటి మధ్యనున్న మన ఇల్లు. టీవీలో రేడియో స్పష్టంగా రావడానికి కారణం ఈ గొడవను అది తప్పించుకోవడమే. అక్కడ మాట అల ఎత్తుగా రాదు, అంకెలుగా వస్తుంది. కొన్ని అంకెలు దారిలో చెడినా సరిచేసుకోవడానికి అదనపు బిట్లు వెంట ఉంటాయి.

టీవీ సిగ్నల్‌లో రేడియో ఎక్కడ కూర్చుంటుంది?

చాలామంది టీవీలో రేడియో అంటే బొమ్మ తీసేసిన టీవీ చానెల్ అనుకుంటారు. అది కొంతవరకు నిజమే.

డిజిటల్ టీవీలో ఒక చానెల్‌కు ఒక ఫ్రీక్వెన్సీ అనే పాత లెక్క లేదు. ఉపగ్రహంలోని ఒక ట్రాన్స్‌పాండర్ మీద ఒకే పెద్ద బిట్ల ప్రవాహం వస్తుంది. దాన్ని ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అంటాం. అది 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్ల వరుస. ప్రతి ప్యాకెట్ నెత్తిన పీఐడీ అనే నెంబరు ఉంటుంది. ఈ ప్యాకెట్ ఫలానా చానెల్ బొమ్మది, ఇది ఫలానా చానెల్ మాటది అని ఆ నెంబరును బట్టే తెలుస్తుంది. సంతకు పోయే లారీలో పదిమంది రైతుల బస్తాలు కలిసి పోతాయి, ఎవరి గుర్తు వాళ్ల బస్తా మీద ఉంటుంది. ఇదీ అంతే. వీటితోపాటు ఒక పట్టిక కూడా వస్తుంటుంది. అందులో ప్రతి సర్వీసు పక్కన ఇది టీవీ, ఇది రేడియో అని రాసి ఉంటుంది. మనం 'టీవీ/రేడియో' బటన్ నొక్కినప్పుడు బాక్సు చేసేదల్లా ఆ పట్టికలో రేడియో అని ఉన్నవాటిని ఏరి చూపించడమే.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక ట్రాన్స్‌పాండర్ మీద సెకనుకు 27,500 కిలోసింబల్స్, క్యూపీఎస్‌కే, 3/4 ఎఫ్ఈసీ అనుకుందాం. సింబల్‌కు రెండు బిట్లు, అందులో మూడు వంతులు మనవి, ఆపైన రీడ్-సాలమన్ కోడ్ కోసం 204కి 188 మిగులుతాయి. గుణిస్తే సెకనుకు దాదాపు 38 మెగాబిట్లు. అంటే సెకనుకు 25 వేల పైచిలుకు ప్యాకెట్లు. మామూలు నాణ్యతతో ఒక టీవీ చానెల్ వీటిలో రెండు మూడు మెగాబిట్లు తింటుంది. రేడియోకు 128 కిలోబిట్లు ఇస్తే హాయిగా సరిపోతుంది. అంటే 25 వేల ప్యాకెట్లలో 90 కూడా అక్కర్లేదు.

టీవీ వేదికల మీద రేడియో ఎక్కడం ఎందుకంత సులువో ఇప్పుడు తెలిసింది కదా. పెద్ద బస్సు ఎలాగూ పోతోంది, రేడియో ఆ బస్సులో ఒక చేతిసంచీ.

మన దగ్గర ఇది ఎప్పటి నుంచి?

దూరదర్శన్ వాళ్ల ఉచిత డీటీహెచ్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. 2014లో డీడీ ఫ్రీ డిష్ అని పేరు మారింది. ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి కేయూ బ్యాండులో వస్తోంది. నెల చందా లేదు. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే అంతే. టీవీ చానెళ్లతోపాటు ఆకాశవాణి రేడియో చానెళ్లు కూడా నలభైకి పైగా ఇందులో ఉన్నాయి. వివిధ భారతి ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ, బెంగాలీ ఇలా భాషల పేర్లతో ఉన్న చానెళ్లు ఉన్నాయి.

తెలుగు సాహిత్యం క్లబ్బులో ఉన్న మనకు ఆకాశవాణి కొత్త కాదు. కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, దాశరథి వీళ్లంతా అందులో పనిచేసినవాళ్లే. 'రేడియో అన్నయ్య' న్యాయపతి రాఘవరావు గారి బాలానందం, విజయవాడ నుంచి ఉషశ్రీ గారి ధర్మసందేహాలు మన తాతల ఇళ్లలో టైంటేబుల్ లాంటివి. నిజాం కాలం నాటి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. విశాఖ, కడప కేంద్రాలు రెండూ 1963లో వచ్చాయి. తర్వాత ఆదిలాబాద్, వరంగల్, నిజామాబాద్, కొత్తగూడెం, అనంతపురం, కర్నూలు, తిరుపతి, మార్కాపురం కేంద్రాలు వచ్చాయి.

ఒకే భాషకు ఇన్ని కేంద్రాలు ఎందుకు పెట్టారంటే, ట్రాన్స్‌మిటర్ అందే దూరం ఒక్కటే కారణం కాదు. ఆదిలాబాద్ కేంద్రం గోండి మాట కూడా వినిపిస్తుంది. కడప వాళ్లు శనగ, పసుపు గురించి చెప్తారు. విజయవాడకు వరి ముఖ్యం. వాన ఒకేరోజు అన్నిచోట్లా పడదు, తెగులు ఒకే వారం అన్ని చేలకూ రాదు. వినేవాడి చేను ఎక్కడుందో తెలిసి మాట్లాడటమే ఆ కేంద్రాల పని.

యాభై కిలోమీటర్లకు లక్షా నలభై వేలు

ఉపగ్రహంతో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. కడప నుంచి మా ఊరు యాభై కిలోమీటర్ల పైన. మీడియం వేవ్‌లో ఆ మాట నేల వెంబడి నేరుగా వస్తుంది. డిష్‌లో రావాలంటే ముందు ఆ మాట ఢిల్లీలోని తోడాపూర్ ఎర్త్ స్టేషన్‌కు చేరాలి, ఫ్రీ డిష్ ప్రవాహం పైకి వెళ్లేది అక్కడి నుంచే. అక్కడ మిగతా చానెళ్లతో కలిసి, దాదాపు 36 వేల కిలోమీటర్లు పైకి పోయి, మళ్లీ అంత దూరం కిందికి రావాలి. స్టూడియో నుంచి ఢిల్లీకి లంకె కూడా ఉపగ్రహం మీదుగానే అయితే మొత్తం లక్షా నలభై వేల కిలోమీటర్లు దాటుతుంది.

కాంతి వేగంతో పోయినా దీనికి అర సెకను పడుతుంది. దాని మీద ఎన్‌కోడర్, డీకోడర్ బఫర్ల ఆలస్యం. ఒక ఉదయం నేను ట్రాన్సిస్టర్‌నూ టీవీనీ పక్కపక్కన పెట్టాను. రెండిట్లోనూ ఒకే ప్రాంతీయ వార్తలు వస్తున్నాయి. ట్రాన్సిస్టర్‌లో మాట అయిపోయాక అదే మాట టీవీలో వినపడింది. ఫోన్ స్టాప్‌వాచ్‌లో రెండు సెకన్ల పైన తేడా వచ్చింది. కడపకు ఆ వార్తలు రిలేగానే వస్తాయి కాబట్టి, నేను కొలిచింది రెండు దారుల మధ్య తేడా మాత్రమే. అవ్వకు అది తమాషాగా ఉండింది. "టీవీ వానికి నిద్దర మత్తు వదల్లేదు" అంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. టీవీలో వినపడే టైం పిప్పులు చూసి గడియారం సరిచేసుకోకండి.

ఆలస్యం పెద్ద సమస్య కాదు. అసలు సమస్య ఉపగ్రహం కిందికి పంపే కిరణం వెడల్పు. అది దేశమంతటినీ కప్పుతుంది. కడపకు ఒకటి, కాకినాడకు ఒకటి అని విడగొట్టదు. కాబట్టి ఒక కేంద్రాన్ని దాని మీద ఎక్కించామంటే కశ్మీరు దాకా అందరికీ ఎక్కించినట్టే. ఢిల్లీలో, సూరత్‌లో, భిలాయిలో ఉన్న మన తెలుగువాళ్లకు ఇది పండగే. వాళ్లకు మీడియం వేవ్‌లో తెలుగు అందదు, డిష్‌లో ఇంటికి వస్తుంది. కానీ ఒక భాషకు ఒక చానెల్ అని పెట్టుకుంటే, అది ఆ భాషలో ఎవరో ఒకరి ఊరి రేడియో అవుతుంది, మిగతావాళ్లకు పొరుగూరి రేడియో అవుతుంది. అవ్వ పట్టుకున్నది ఈ సంగతినే.

బ్రిటన్‌లో వేరే దారి ఉంది. అక్కడ ఫ్రీవ్యూ అనే ఉచిత డిజిటల్ టీవీ నేల మీది టవర్ల నుంచి వస్తుంది. ఒక్కో టవర్ ఒక్కో ప్రాంతాన్ని కప్పుతుంది కాబట్టి, ఆ ప్రాంతపు బీబీసీ స్థానిక రేడియోనే ఆ ప్రాంతపు టీవీలో పెట్టగలుగుతారు. పక్క ప్రాంతానికి పోతే అదే చోట ఇంకో కేంద్రం వినిపిస్తుంది. టవర్ల మీద హద్దు దానంతట అదే వస్తుంది. ఉపగ్రహం మీద హద్దు రాదు, జాబితాలో పేరు పెంచాల్సిందే.

పేరు పెంచడం కష్టమా?

పైన చేసిన లెక్కనే మళ్లీ తీద్దాం. నేను పేర్లు రాసిన కేంద్రాలు హైదరాబాద్‌తో కలిపి పన్నెండు. ఒక్కోదానికి 128 కిలోబిట్లు ఇస్తే మొత్తం 1,536 కిలోబిట్లు, అంటే సెకనుకు ఒకటిన్నర మెగాబిట్. రెండు రాష్ట్రాల్లోని ఈ పన్నెండు కేంద్రాలూ కలిసి ఒక మామూలు టీవీ చానెల్ అంత చోటు కూడా తినవు!

ఈ లెక్క వచ్చాక రెండుసార్లు సరిచూసుకున్నాను. బిట్ల వైపు నుంచి అడ్డు దాదాపు లేదు. మిగిలిన అడ్డులు వేరు. ప్రతి కేంద్రం నుంచి ఢిల్లీకి రోజంతా తెగని లంకె కావాలి, అక్కడ ఎన్‌కోడర్ కావాలి, చూసుకునే మనిషి కావాలి. ఫ్రీ డిష్‌లో టీవీ చోట్లను ప్రైవేటు చానెళ్లకు వేలం వేస్తారు కాబట్టి చోటుకు ధర కూడా ఉంది. ఇవన్నీ నిజమైన ఖర్చులే. అయితే ఇవి సాధ్యమా అసాధ్యమా అనే ప్రశ్నలు కావు, చేద్దామా వద్దా అనేవి. ఆ రెండూ వేరని మా అవ్వకు చెప్పగలిగితే చాలు, ఆమెకు నా చదువు మీద నమ్మకం నిలబడుతుంది.

"ఫోన్‌లో యాప్ ఉంది కదరా" అని మా రూమ్మేట్ అన్నాడు. ఉంది. ఆకాశవాణి వాళ్ల యాప్‌లో కేంద్రాలు వరుసగా ఉంటాయి, కడపా ఉంటుంది. నేను హాస్టల్‌లో వినేది అందులోనే. కానీ నెట్ మీద వెయ్యిమంది వింటే వెయ్యి ప్రవాహాలు పోవాలి, వెయ్యి డేటా ప్యాక్‌లు కరగాలి. బ్రాడ్‌కాస్ట్‌లో ఒక్కరు విన్నా కోటిమంది విన్నా అదే ఒక్క ప్రవాహం, వినేవాడికి పైసా ఖర్చు లేదు. పైగా మా అవ్వ ఫోన్‌లో ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప వేరేవి నొక్కదు.

ట్రాన్సిస్టర్ పారేయొద్దు

ఇంత చెప్పాక కూడా, టీవీలో రేడియో వచ్చింది కాబట్టి ఇక ట్రాన్స్‌మిటర్లు అక్కర్లేదు అనే మాట నేను ఒప్పుకోను. మా ఇంట్లో మూడు రోజులు గమనించాను. ఉదయం ఏడింటి దాకా టీవీ అవ్వది. తర్వాత పిల్లలది, రాత్రి సీరియళ్లది. అవ్వ శనగ చేనికి పోయేటప్పుడు టీవీ వెంట రాదు. కరెంటు పోతే అసలే లేదు. గట్టి వాన పడితే కేయూ బ్యాండ్ సిగ్నల్ వానలోనే సన్నగిల్లుతుంది. గాలికి డిష్ కాస్త పక్కకు జరిగినా తెర నలుపే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. అలాంటి రోజున రెండు బ్యాటరీలతో నడిచే రేడియోకు టీవీ సాటి రాదు. డిజిటల్ ప్రసారానికి ఇంకో గుణం కూడా ఉంది. సిగ్నల్ చాలినంత ఉంటే పూర్తిగా వస్తుంది, కొంచెం తగ్గితే పూర్తిగా పోతుంది. ఏఎం అలా కాదు. గరగరలాడుతూనే అయినా, తుపాను ఎటు పోతోందో ఆ ఒక్క ముక్క చెవిన పడేస్తుంది.

కాబట్టి నా లెక్కలో టీవీలో రేడియో అనేది ఇంటికి రెండో తలుపు. మొదటి తలుపు మూసెయ్యడానికి అది సాకు కాకూడదు. ఆ రెండో తలుపులోంచి వచ్చేది మన ఊరి గొంతు అయితే ఇంకా బాగుంటుంది.

సెలవుల చివర్లో నేను చేసింది చాలా చిన్న పని. ఎల్ఈడీ బల్బును వేరే గోడకు మార్చాం. రేడియో గూటిని కిటికీ వైపుకు జరిపి, ఎటు తిప్పితే మోత తక్కువో చూసి అక్కడ సుద్దతో గుర్తు పెట్టాను. గీత దగ్గర మళ్లీ కడప వినపడింది. టీవీ అంత శుభ్రంగా కాదు, కానీ మాట మాట అర్థమయ్యేలా. ఆ రోజు శనగలో పచ్చపురుగు గురించి చెప్తున్నారు. అవ్వ కొంగు చెవి వెనక్కి దోపుకుని మొత్తం వింది.

తర్వాత ఒక కార్డు తెమ్మంది. ఆమె చెప్తుంటే నేను రాశాను: "మీ మాట మాకు బాగ పనికొస్తాంది. టీవీలో కూడా మన కడపను ఎయ్యండి. మా మనవడు లెక్కేసి సూసినాడు, చోటు ఉందంట." కింద తన పేరు మాత్రం తనే రాసింది.

మీరూ ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ 'టీవీ/రేడియో' బటన్ ఒకసారి నొక్కి చూడండి. పాత బాక్సు అయితే ముందు చానెళ్లు మళ్లీ స్కాన్ చేయండి. జాబితాలో ఏమేం వస్తున్నాయో చూసి, పక్కన పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఇది మన ఊరిదేనా అని అడగండి. వాళ్లు చెప్పే జవాబులు మన క్లబ్బుకు పంపండి. మీ దగ్గర కూడా ఒక కార్డు ముక్క ఉంటే, కాస్త చోటు వాళ్లకు ఇవ్వండి.